దూడ వాటా

మా పక్కింటి అత్త మొన్న మంగళవారం పోయింది. కబురు తెచ్చినవాడు, "నీళ్ళపాల అత్త పోయిందిరా," అన్నాడు. ఆ పేరు పెట్టింది నేనే. నా కోతివేషాలకు నవ్వేవాళ్ళు ఈ ఒక్కదానికి మాత్రం నవ్వకండి.

మా ఊరి పాలకేంద్రంలో అందరూ పోసేవి గేదెపాలే. అత్తకు మాత్రం ఒక్క ఆవు. క్యానులో పాలు తొణక్కుండా రెండు మామిడాకులు వేసి తెచ్చేది. పాలు పోసి అటునుంచి అటే తోటలో కాయల పనికి పోయేది. గేదెపాలకు వెన్న శాతం కొలిచే మిషన్ ఏడు చూపిస్తే ఆవిడ పాలకు మూడున్నర దాటేది కాదు. ఆవుపాలలో ఉండే వెన్నే అంత. ఏడో తరగతి గట్టెక్కని నాకూ ఆ సంగతి తెలుసు. అయినా నోరు ఊరుకోదుగా.

"ఏంటత్తా, బోరు కింద పితికావా?" అన్నాను. అందరూ గొల్లుమన్నారు.

మర్నాడు అత్త ఆవునీ దూడనీ కేంద్రం ముందుకే తోలుకొచ్చి, అందరూ చూస్తుండగా పితికింది. పొదుగులో కాస్త మిగిలుండగానే దూడను వదిలింది.

"ఆఖరి ధారల్లోనే కదమ్మా వెన్న ఎక్కువ! అవీ పితికితే పాయింటు పెరుగుద్ది," అన్నాడు పాలు కొలిచే ఆయన.

"తెలుసు నాయనా. అవి దూడవి. నా మాట నెగ్గించుకోటానికి దాని నోటికాడివి లాగనా?"

మిషన్ మూడుకు కాస్త పైన చూపించింది. జనం ఆవిణ్ణి నమ్మేట్టే ఉన్నారు. "నీళ్ళు ఆవుకే తాగించి తెచ్చింది!" అన్నాను. మళ్ళీ నవ్వులు.

అత్త నా వంక చూసింది. "నీకు నవ్వు కావాలి, నాకు పేరు కావాలి. నీకు కావాల్సిందే తేలిగ్గా దొరుకుద్దిరా," అని ఆవును తోలుకుపోయింది. మళ్ళీ కేంద్రం గడప తొక్కలేదు.

మా అమ్మ మంచాన పడ్డప్పుడు మాత్రం రోజూ గ్లాసుడు పాలు పంపింది. తప్పయిందని చెబుదామని చాలాసార్లు గోడ దాకా వెళ్ళాను. ఏదో ఒక జోకేసి తిరిగొచ్చాను.

అత్త పోయిన మూడో రోజున చితి బూడిద మీద పోయడానికి ఆవిడ ఆవు పాలు నేనే పితికాను, ఆఖరి ధారలు దూడకు వదిలి. శ్మశానంలో చెంబు వంచగానే ఎవరో, "పల్చగా ఉన్నాయేంట్రా, ఇవాళ కూడా నీళ్ళేనా?" అన్నారు. నలుగురూ నవ్వారు. ఆ నవ్వు నేర్పింది నేనే.

"ఆవుపాలండీ. చుక్క నీళ్ళు లేవు," అన్నాను.

జోకనుకుని ఇంకాస్త నవ్వారు.

తిరిగొచ్చేసరికి అత్త గుమ్మానికి తాళం వేసి ఉంది. పాకలో దూడ మూతికి అంటిన నురగ ఎండి, తెల్లగా చారికలు కట్టి ఉంది.