కొండెక్కని దీపం

నా సామాను డబ్బాలో, ఫ్యూజుల అర కింద, జానెడు ఎర్ర తీగ ముక్క ఒకటి ఉంది. తూకం వేస్తే ముల్లు కూడా కదలదు. ఆరేళ్లుగా నేను మోస్తున్న బరువు అదే. పారేద్దామని ఎన్నిసార్లు తీశానో, అన్నిసార్లూ మళ్లీ అక్కడే పెట్టాను. ఎందుకు దాచానో ఈరోజు మీకు చెబుతాను. మీరు నన్ను చూడలేదు, నేను మిమ్మల్ని చూడలేదు. అందుకే నోరు పెగులుతోంది.

నాది ఆదోని. ఎమ్మిగనూరు రోడ్డులో బండ్ల కరెంటు పని చేస్తాను. ట్రాక్టర్లు, ఆటోలు, పత్తి మోసే లారీలు, ఏది వచ్చినా చూస్తాను. నా భార్య పోయాక ఇంట్లో మాట్లాడే మనిషి లేదు. షాపులోనూ అంతే. బండి బాగయ్యేదాకా జనం ఉంటారు. బాగయ్యాక ఎందుకుంటారు? ఒక్క ఖాజా మాత్రం పనేమీ లేకపోయినా వచ్చేవాడు.

ఖాజా ఎమ్మిగనూరులో ఒక చీరల వ్యాపారి దగ్గర డ్రైవరు. ఆ వ్యాపారిని అందరూ సావుకారు అనే పిలుస్తారు. ఖాజాకు ఆ పని ఇప్పించింది నేనే. ఇల్లు ఆదోనిలోనే కాబట్టి సాయంత్రం పోతూ పోతూ నా దగ్గర ఆగేవాడు. పాత కారులోంచి పీకిన సీటు ఒకటి గోడకు ఆనించి ఉంచాను. అందులో కూర్చుని టీ తాగుతూ ఆ రోజు ఎక్కడెక్కడ తిరిగాడో చెప్పేవాడు. గొప్ప కబుర్లేమీ కావు. బెళగల్ దారిలో గుంతలు, కృష్ణగిరిలో ఎవరిదో పెళ్లి, అంతే. నేను పొద్దంతా ఆ కాసేపటి కోసమే ఎదురుచూసేవాణ్ని. అతనికి ఆ సంగతి ఎప్పుడూ చెప్పలేదు.

సావుకారు హైదరాబాదులో ఎవరి దగ్గరో ఒక విదేశీ కారు కొన్నాడు. పెట్రోలుతో నడుస్తుంది, ఇంట్లో తీగ తగిలించి చార్జింగు పెడితే కరెంటుతోనూ నడుస్తుంది. అలాంటి బండిలో రెండు బ్యాటరీలుంటాయి. బండిని లాగేది పెద్దది. తాళాలు, దీపాలు, లోపలి కంప్యూటర్ల కోసం మామూలు కార్లలో ఉండేలాంటి చిన్నది ఇంకొకటి. ఆ చిన్నది దిగిపోయిందా, పెద్దది నిండుగా ఉన్నా బండి కదలదు. ఇదంతా నేను ఫోనులో వీడియోలు చూసి నేర్చుకున్నాను. కంపెనీ వర్క్‌షాపు ఎక్కడో హైదరాబాదులో ఉంది. అంత దూరం పోవడమెందుకు, ఆదోనిలోనే మనిషున్నాడని సావుకారు నలుగురి ముందు అన్నప్పుడు నేను ఎంత పొంగిపోయానో. ఆ పొంగే నా కొంప ముంచింది, ఖాజా కొంప కూడా.

సావుకారు తల్లి మగ్గం మీద బతికిన మనిషి. ఆవిడ వయసులో ఉన్నప్పుడు వాళ్లింట్లో కొత్త పడుగు నూలు ఎక్కించిన రోజు మగ్గం ముందు దీపం పెట్టేవారట. దాన్ని ఎవరూ ఆర్పకూడదు, దానంతటది కొండెక్కాల్సిందే. కారులో దేవుడి బొమ్మ ముందు కూడా ఒక చిన్న దీపం కావాలని ఆవిడ అడిగింది. బండి ఆగినా అది వెలుగుతూనే ఉండాలంది. కొడుకు రోజూ రోడ్ల మీద తిరిగేవాడు కదా, ఆవిడ భయం ఆవిడది. నేను గోరంత బల్బు ఒకటి అమర్చి, ఎప్పుడూ కరెంటు ఉండే ఒక ఫ్యూజు చూసి ఎర్ర తీగ కలిపాను. ఆ ఫ్యూజు దేనిదో సరిగ్గా చూసుకోలేదు. దీపం వెలిగింది. ఆవిడ చేతులు జోడించింది.

వారం తిరక్కుండా చిన్న బ్యాటరీ దిగిపోయింది. చార్జి చేసి ఇచ్చాను. నాలుగు రోజులకు మళ్లీ దిగింది. పాతదైపోయిందని చెప్పి కొత్తది వేయించాను. రెండు వారాలు కాకముందే అదీ దిగింది. ఆ సాయంత్రం ఖాజా సీట్లో కూర్చుని, "తెలీక అడుగుతాండాన్నా, బండి ఆపినంక ఎలిగేది ఆ దీపం ఒకటే. పొద్దున్నే దాని అద్దం తుడిసేది నేనే గదా, సూస్తాంటా. దానివల్లేమో?" అన్నాడు. నేను నవ్వాను. అంత చిన్న దీపం ఎంత కరెంటు తాగుతుందప్పా అన్నాను. డ్రైవరుకు ఇవన్నీ ఏం తెలుస్తాయని కూడా అనుకున్నాను. అనుకున్నాను, నిజం.

ఆ తర్వాత వచ్చింది ఆ రోజు. సావుకారు తల్లిని డయాలసిస్‌కు కర్నూలు తీసుకుపోవాలి. తెల్లవారి చూస్తే కారు తలుపు కూడా తెరుచుకోలేదు. ఇంకో బండి మాట్లాడుకుని వాళ్లు చేరేసరికి ఆవిడ వంతు దాటిపోయింది. మళ్లీ పిలిచేదాకా, సాయంత్రం వరకూ, ఆయాసపడుతూ ఆసుపత్రి వరండాలో కూర్చుందట. ఆవిడకేమీ కాలేదు, ఆ తర్వాత కూడా కొన్నేళ్లు బతికింది. కానీ సావుకారు కోపం ఎవరో ఒకరి మీద దిగాల్సి ఉంది.

మర్నాడు వాళ్లింటి ఆవరణలోనే పరీక్ష చేశాను. చిన్న బ్యాటరీకి మీటరు తగిలించి, కారుకు తాళం వేసి, అరగంట ఆగాను. ఆ అరగంటలో కంప్యూటర్లన్నీ నిద్రపోవాలి, మీటరులో అంకె పడిపోవాలి. పడలేదు. ఫ్యూజులు ఒక్కొక్కటే పీకుతూ వచ్చాను. ఒకదాన్ని పీకగానే అంకె అడుగుకు పోయింది. దానికి నా ఎర్ర తీగ వేలాడుతోంది. దీపం తాగే కరెంటు తక్కువే. కానీ నేను తీగ కలిపిన చోటు తప్పు. అక్కడ తీగ ఉన్నంతకాలం కంప్యూటర్లు నిద్రపోవు. రోజంతా మేలుకుని బ్యాటరీని పీల్చేస్తాయి. ఆ సాయంత్రమే ఖాజా సరిగ్గా దీపం వైపు వేలు చూపించాడు.

పక్కిళ్లలో మగ్గాలు ఆడుతున్నాయి. నా వెనక సావుకారు వచ్చి నిలబడ్డాడు. డ్రైవరు మధ్యాహ్నాలు ఏసీ వేసుకుని కారులో పడుకుంటాడని ఎవరో ఆయన చెవిలో వేశారు. అట్లా పడుకుంటే బ్యాటరీ దిగుతుందా అని అడిగాడు.

దిగదు. ఆ కారులో ఏసీ వేసుకుని పడుకున్నంతసేపూ పెద్ద బ్యాటరీ చిన్నదాన్ని నింపుతూనే ఉంటుంది. ఖాజా ఎంతసేపు పడుకుంటే దానికి అంత మంచిది. ఈ సంగతి తెలిసినవాణ్ని ఆ రెండు ఊళ్లలోనూ బహుశా నేనొక్కణ్నే.

"దిగుతాది సావుకారూ," అన్నాను.

భయపడ్డానా? అవును. తల్లి ఆయాసం, దిగిపోయిన రెండు బ్యాటరీలు, నలుగురిలో నా పేరు, అన్నీ ఒక్కసారి కళ్ల ముందు తిరిగాయి. కానీ భయం ఎంతసేపు ఉంటుంది? ఒక పూట. మర్నాడు పోయి నిజం చెప్పి ఉండొచ్చు. ఆ మర్నాడు ఇప్పటికి ఆరేళ్లయింది.

మర్నాటి సాయంత్రం ఖాజా వచ్చాడు. సీట్లో కూర్చోలేదు. గుమ్మం దగ్గరే నిలబడ్డాడు.

"పనిలోంచి తీసేసినారన్నా."

నేను తల ఎత్తలేదు. చేతిలో ఉన్న స్పానరునే తుడుస్తూ కూర్చున్నాను.

"ఎండకు తాళలేక ఏసీ ఏసుకోని పండుకుంటాంటి. అబద్దమెందుకు సెప్పల్ల. దిగేటప్పుడు అన్నీ ఆపే దిగుతాంటి. ఆపినట్లే గుర్తు నాకు. నువ్వు సూసినావు గదన్నా, ఆ దీపం కాడ ఏం లేదా?"

"ఆడేం లేదప్పా. మీటరు పెట్టి సూసినా. మిషను అబద్దం సెప్పదు."

ఖాజా తన చేతివేళ్ల వైపు చూసుకున్నాడు. "అట్లయితే నేనే మర్సిపోయింటా," అన్నాడు. వెనక్కి తిరగబోతూ, "నన్ను పనిలో పెట్టిచ్చినందుకు నీ మాట పోగొడితిన్నా," అన్నాడు. టీ తెప్పిస్తానన్నా ఆగలేదు. నా ముఖం చూడటానికి అతనికే సిగ్గయింది.

మిషను అబద్ధం చెప్పదన్న మాట నిజమే. మీటరు నాకు నిజమే చెప్పింది.

రెండు రోజుల తర్వాత ఇంకోసారి చూస్తానని ఎమ్మిగనూరు పోయి, ఆ తీగ పీకేసి, బండి తాళంతో పాటు వెలిగి ఆరే లైనుకు దీపాన్ని మార్చాను. బండి పడుకున్నప్పుడు స్వామి కూడా పడుకుంటాడమ్మా అని పెద్దావిడకు నచ్చజెప్పాను. ఆవిడ కాసేపు దీపాన్ని, కాసేపు నన్ను చూసి, "ముందే ఇట్ల పెట్టింటే అయిపోయుండు గదా నాయనా," అంది. ఆవిడకు అర్థమైందేమోనని ఇప్పటికీ నాకు అనుమానమే.

ఆ తర్వాత బ్యాటరీ ఒక్కసారీ దిగలేదు. చూశారా, డ్రైవరు పోయాడు, రోగం పోయింది అన్నారు అందరూ. నేను దొంగచాటుగా చేసిన రిపేరే ఖాజా తప్పుకు సాక్ష్యమైంది. ఎమ్మిగనూరులో కారున్నవాళ్లెవరూ మళ్లీ అతనికి తాళం ఇవ్వలేదు. అతను కొన్నాళ్లు పత్తి బేళ్లు మోశాడని విన్నాను. మళ్లీ నా షాపు మెట్టు ఎక్కలేదు. సాయంత్రం ఆ వేళకు నేను రెండు టీలు చెప్పబోయి ఒకటే చెప్పేవాణ్ని. ఒంటరితనం నాకు ముందునుంచీ ఉన్నదే. కానీ ఇది నేను చేతులారా తెచ్చుకున్నది, ఎవరితో చెప్పుకోను?

పోయిన నెల ఎమ్మిగనూరులో పని చూసుకుని ఆదోనికి ఆటో ఎక్కాను. నడిపేది ఖాజా. గడ్డం నెరిసింది. "రాన్నా, ముందర కూర్చో," అని తన పక్కనే చోటిచ్చాడు. అతనిలో ఏ కోపమూ లేదు. ఉంటే బాగుండేది.

ఆటో ఆపిన ప్రతి చోటా అతను ఒక పని చేశాడు. ఇంజను ఆపి, హెడ్‌లైటు స్విచ్చి, ఇండికేటరు, పాటల స్విచ్చి, ఒక్కొక్కదాని మీదా వేలు పెట్టి చూశాడు. మళ్లీ మొదటినుంచి ఇంకోసారి. దిగి నాలుగడుగులు పోయి, వెనక్కి వచ్చి మళ్లీ తాకాడు. పట్టపగలు, వెలగని దీపాలను. వెనక కూర్చున్న ఒకామె, ఎన్నిసార్లు చూస్తావయ్యా, పొద్దుపోతాంది అని నవ్వింది.

ఖాజా కూడా నవ్వాడు. "నాది మతిమరుపు లేమ్మా. దానివల్లనే ఒకసారి మంచి పని పోగొట్టుకుంటి. కావల్లంటే ఈ అన్ననే అడుగు, అన్నకు తెలుసు."

నా వైపు చూశాడు. ఆమె కూడా చూసింది. నేను తల ఊపాను.

ఆరేళ్ల కిందట భయం అనుకున్నాను. మరి ఈసారి ఏమిటి? ఆటోలో నన్ను నిలదీసేవాడు లేడు, పోయే పేరు లేదు. అయినా ఊపాను. పని పోవడం ఒక్కటే అయితే ఇంకో పని దొరికేదేమో. నేను అతని చేతుల మీద అతనికున్న నమ్మకం తీసేశాను. దాన్ని ఏ లైనుకు మార్చి కలిపితే తిరిగొస్తుందో నాకు తెలియదు.

అతనికి చెబుతానని మీకు మాట ఇవ్వను. ఇచ్చినా నన్ను నేను నమ్మను. నన్ను క్షమించమని మిమ్మల్ని అడగను, అది మీ చేతిలో లేదు. తీగ ముక్క ఇప్పుడు ఈ కాగితం పక్కనే ఉంది. ఇన్నేళ్లూ లోపలే తిరిగిన మాట ఒక్కసారైనా బయట పెడితే చాలు, ఊపిరి ఆడుతుందేమో. అందుకే రాస్తున్నాను.

ఆ తీగ కలిపింది నేను. ఖాజా ఏ స్విచ్చీ మర్చిపోలేదు.