బస్తాడు మొలకలు

నయాపైసలు కొత్తగా వచ్చిన ఆ రోజుల్లో, బి.ఏ. ప్యాసై ఉద్యోగం లేనివాడు కంటికి కనబడితే పెద్దలు ఊరుకునేవారు కాదు, పిల్లలను అప్పగించేవారు. అల్లూరు దగ్గర మా బాబాయి ఇంట్లో మకాం వేసిన నాకూ సాయంత్రాలు పదిమంది పిల్లలు దక్కారు. ("చదువు చెప్పొద్దులే, ఏదన్నా పనికొచ్చేది చేయించు" అన్నాడు బాబాయి. నా చదువు మీద ఆయన అభిప్రాయాన్ని అంతకంటే మర్యాదగా చెప్పడం కష్టం.) గాలిపటాలు కట్టించాను. నీడను కొలిపించి కొబ్బరిచెట్టు ఎత్తు లెక్క కట్టించాను. ఆ ఊపులో విత్తనం మొలకెత్తడం చూపిద్దామనిపించింది. గుప్పెడు వడ్లు నానబెట్టి, గుడ్డలో మూటగట్టి, రోజూ విప్పి చూడాలి. ఎక్కువ మొలకలు తెచ్చినవాళ్లకు నా ఫౌంటెన్ పెన్ను బహుమానం. రైతుల పిల్లలకు వడ్లు మొలకెత్తించడం నేర్పబోతున్నానన్న సంగతి నాకు తట్టలేదు.

పోటీ పెట్టిన రోజే బాబాయి మనుబోలులో పెళ్లికి వెళ్లాడు, నాలుగోరోజు సాయంత్రం తిరిగి రావాల్సి ఉంది. ఆ రోజు పొద్దున్నే గొడ్లపాక వెనకనుంచి పిన్ని వేసిన కేకకు నా చేతిలో కాఫీ తొణికింది. పరుగెత్తి చూస్తే, వాడకం లేని కుడితితొట్టి మీద గడ్డి కప్పి ఉంది. పిన్ని గడ్డి ఎత్తగానే వెచ్చటి ఆవిరి పైకి లేచింది. ఆ ఏడాది పొలానికంతటికీ దాచిన మొలగొలుకుల రకం విత్తనపు వడ్లు, బస్తాకు బస్తా, తెల్లటి మొలకలతో మిలమిలలాడుతున్నాయి. పక్కనే బాబాయి కూతురు చిట్టి చెయ్యి చాపి నిలబడింది.

"పెన్నియ్యి అన్నా."

"గుప్పెడు చాలని చెప్పాను గదే!"

"ఎక్కువ మొలకలు తెచ్చినోళ్లకని గూడా నువ్వే చెప్పినావు. మా నాయన ఎట్ట చేస్తాడో అట్టనే చేసినాం. నలుగురం మోసినాం."

పిన్ని చేతిలోని గడ్డి కింద పడేసింది. "చెరువు నీళ్లు వదిలేదానికి ఇంకా పక్షం ఉండాది. ఈ పూట చల్లకపోతే ఇయ్యి గొడ్లకే. ఇత్తనాలేవిరా అని మీ బాబాయి అడిగితే ఏం జెప్తావు నాయనా? నీ పెన్ను చూపిస్తావా?"

బడి లేని రోజు కావడంతో చిట్టి పరుగున మిగతా పిల్లలను పిలుచుకొచ్చింది. నారు పొయ్యడానికి దొడ్డి పక్క మడి అదృష్టవశాత్తు దున్ని ఉంది. దాని చివర గుంటలో కాసిని నీళ్లున్నాయి. ఇద్దరు చెరోవైపు తాళ్లు పట్టుకుని గూడ అనే బుట్టను ఊపి నీళ్లు తోడాలి. నా వైపు గూడ నీళ్లలో మునగకముందే పైకి లేచేది. "అన్నా, నీళ్లు కింద ఉండాయి, ఆకాశంలో లేవు" అన్నాడు రెండోవైపు తాళ్లు పట్టుకున్న పిల్లవాడు. ఎవరూ నవ్వలేదు. మధ్యమధ్య పిన్ని తొట్టిలో చెయ్యి పెట్టి "వేడెక్కతా ఉండాయి, కానీండి" అనేది. మిగతా పిల్లలు మడిలో దిగి బురద తొక్కారు. (పనికొచ్చేది చేయించమన్న బాబాయి మాట మొదటిసారి నెరవేరుతోంది. చూసేందుకు ఆయన లేకపోవడమే మంచిదనిపించింది.) పొద్దు వాలేసరికి మొలకలు గంపలకెత్తి నేను చల్లుతున్నాను. ఆఖరి గంప దగ్గర ఉండగా బండి గంటలు వినబడ్డాయి.

బాబాయి గట్టు మీద నిలబడి మడినీ, బురదబొమ్మల్లా ఉన్న మమ్మల్నీ చూశాడు.

"ఎవురు నానబెట్టమన్నింది?"

పది చేతులు నా వైపు తిరిగాయి. అంతటి ఐకమత్యం నేను ఎన్నడూ నేర్పలేదు.

"చల్లింది?"

మళ్లీ అవే చేతులు.

ఆయన గొంతుక్కూర్చుని గంపలోంచి నాలుగు గింజలు తీసి, చాలాసేపు చూశాడు. "నానబెట్టడం కుదిరింది" అన్నాడు. (అందులో నా పాత్ర ఏమీ లేదు.) "చెరువు నీళ్లొచ్చేలోపల ఈ మడి ఎండిందా, నిన్ను ఎండేస్తా."

ఆ పక్షం రోజులూ పిల్లలు బడికి ముందొకసారీ తర్వాతొకసారీ వచ్చి నాతో నీళ్లు తోడారు. నేను రోజూ తెల్లవారకముందే వెళ్లి మడిలోకి తొంగిచూసేవాణ్ణి. పరీక్షా ఫలితాలకు కూడా అంత భయపడలేదు. చివరికి నారు లేచింది, చిట్టి జుట్టులా ఒకచోట ఒత్తుగా, ఒకచోట పలచగా. అయినా పొలానికి చాలింది. బాబాయి మెచ్చుకోలేదుగానీ, ఆ రాత్రి నా విస్తట్లో నెయ్యి ఆయనే వడ్డించాడు. పెన్ను చిట్టికే పోయింది.

ఇప్పటికీ బడిపిల్లలెవరైనా దూదిలో మొలిచిన గింజ తెచ్చి చూపిస్తే మెచ్చుకుంటాను. కాకపోతే ముందుగా, మిగతా గింజలు ఎక్కడున్నాయని ఒక మాట అడుగుతాను.