గిన్నెలు దించిన అధ్యాయం

సుగుణ రాసిన నవలలో మొదటి అధ్యాయం బాగుంది. బాగుంది కాబట్టే తీసేయమన్నాను.

ఇన్నేళ్లూ గొంతులో చేపముల్లులా ఉన్న మాట ఇది. మీకే ఎందుకు చెబుతున్నానంటే, మీరు నా ఎదురుగా లేరు గనక. జాలిపడేట్టయితే ఇక్కడే ఆపేయండి. నాకు ఒళ్లు మండుతుంది.

అయిదో తరగతితో బడి మానేశాను. చదివిందంతా జగ్గయ్యపేట లైబ్రరీ బల్ల మీదే. డిగ్రీల వాళ్లు నా ముందు ఓ పుస్తకం గురించి తప్పు మాట్లాడితే అక్కడే కడిగేసేవాణ్ణి. అందుకే కాబోలు, మా వైపు ఎవరేం రాసినా ముందు నాకు చూపించేవాళ్లు. మొదటి పేజీలోనే చదివేవాడి చెయ్యి పట్టుకోవాలని అందరికీ చెప్పేవాణ్ణి. నా సొంత నవల మొదటి అధ్యాయం మాత్రం ఏళ్ల తరబడి రాస్తూ, చింపుతూ ఉన్నాను. ఆ సంగతి ఎవరికీ తెలియనివ్వలేదు.

సుగుణ నందిగామలో టీచరు. పుట్టింది మా సున్నపురాయి క్వారీల పక్క ఊళ్లో. నందిగామ బస్టాండు ఎదురుగా ఉన్న హోటల్లో టీ చెప్పి, మొదటి అధ్యాయం కాగితాలు నా చేతికిచ్చింది. అందులో ఉన్నది ఇదీ. క్వారీలో మందు పేల్చే ముందు సైరన్ మోగుతుంది. అదురుకి పడిపోతాయని ఆడవాళ్లు స్టాండు మీది గిన్నెలు దించి నేల మీద పెడతారు. ఆ రోజు సైరన్ మోగింది, గిన్నెలు దిగాయి, పేలుడు మాత్రం రాలేదు. వాటిని మళ్లీ పైన పెట్టాలో వద్దో తెలియక ఓ ఇల్లాలు అలాగే నిలబడిపోయింది. అంతే అధ్యాయం.

ఆ సైరన్ నేనూ విన్నదే. మా ఇంట్లోనూ గిన్నెలు దించేవాళ్లు. నాకెందుకు తట్టలేదు?

"ఎట్లా ఉంది మాస్టారూ?" అంది. బడి మానేసినవాణ్ణి మాస్టారనేది ఆమె ఒక్కతే.

"ఇందులో కథేదమ్మాయ్? గిన్నెలు దించడం కూడా నవలేనా? అంట్లు తోమడం మీద రెండో భాగం రాస్తావా?"

పక్కబల్ల వాళ్లు నవ్వారు. ఆమె కూడా నవ్వబోయి ఆగిపోయింది.

"మరెట్లా మొదలుపెట్టాలండీ?"

"ముందు ఊరు చెప్పు. వంశం చెప్పు. ఎవరి తాత ఎవరో తెలీకుండా ఎవడు చదువుతాడు?"

అలా తాతలతో మొదలుపెట్టిన వాళ్ల కాగితాలు నేనే మొహాన కొట్టేవాణ్ణి. ఆమె నమ్మింది. ఆ అధ్యాయం తీసేసి, తాతల్ని పెట్టి అచ్చు వేయించింది. తాతల్ని దాటి ముందుకెళ్లిన పాఠకుడు నాకు తగల్లేదు. ఆమె మళ్లీ కలం పట్టలేదు.

అసూయేనా? లేక పెద్ద చదువులు చదివిన వాళ్లందరి మీదా కూడబెట్టుకున్న కసిని, నన్ను గౌరవించిన ఆ ఒక్క మనిషి మీద కక్కేశానా? ఏదైతేనేం, చేసింది నేనే.

మొన్న సుగుణకి ఫోన్ చేసి అంతా చెప్పేశాను. ఆమె చివరిదాకా విని ఫోన్ పెట్టేసింది. అయినా గొంతులో ముల్లు కాస్త కదిలినట్టయింది. సాయంత్రానికి వాట్సాప్‌లో జవాబు వచ్చింది.

"బాగుందని నాకా రోజే తెలుసు మాస్టారూ. చదువుతున్నంతసేపూ మీ టీ మీద మీగడ కడుతూనే ఉంది, మీరు చూసుకోలా. అయినా నా కళ్లని కాదని మీ నోటిని నమ్మా. ఆ తప్పు నాది, నేను మోసుకుంటా. మీది మీరు మొయ్యండి. ఇంక ఫోన్ చెయ్యకండి."