దీవి ఎవరికి దొరుకుతుందని అడిగిన అమ్మాయి

పటాన్‌చెరు కాలేజీలో ఇంగ్లీషు చెప్పడానికి చేరిన ఏడాది నాకొక పాత నాటకం పాఠంగా వచ్చింది. సొంతవాళ్లు వెళ్లగొట్టిన ప్రభువొకడు మంత్రాలతో ఒక దీవిని గుప్పిట్లో పెట్టుకుని, అక్కడ పుట్టినవాడితో కట్టెలు మోయిస్తాడు. నెల రోజులు చెప్పినా పిల్లలు నోరు విప్పలేదు. దిక్కుతోచక పుస్తకం మూసేసి, కథంతా తెలుగులో చెప్పాను.

వెనక బెంచీ అమ్మాయి లేచింది. “మా నాయిన గూడ గంతే మేడమ్. మా చెలక భూమి కంపెనీకి పోయింది. ఇప్పుడు ఆ గేటుకాడనే వాచ్‌మన్ చేస్తుండు. ఆఖరికి దీవి ఆ కట్టెలు మోసేటోనికి మళ్ల దొరుకుతదా?”

“మంత్రగాడు వెళ్లిపోతాడమ్మా. దీవి ఎవరిదైందో రాయలేదు.”

“మరి గిది ఎందుకు చదవాలె మేడమ్?”

నేను హాజరు పట్టీ తీసి పేర్లు పిలవడం మొదలుపెట్టాను. పరీక్షలకు ముందే ఆమె మందుల ప్యాకింగ్ పనికి వెళ్లిపోయింది. ఒకరోజు ఇస్నాపూర్‌లో వాళ్ల ఇంటిదాకా వెళ్లాను. ఎందుకు చదవాలో చెప్పడానికి నా దగ్గర ఏమీ లేక, తలుపు కొట్టకుండానే తిరిగొచ్చాను.