గంజి పెట్టిన బొంత

1971 జూన్‌లో నన్ను చిట్కుల్ మహిళా మండలికి కుట్టు శిక్షకురాలిగా వేశారు. అంతకుముందు రెండేళ్లు సంగారెడ్డిలో అదే పని చేశాను. నేను చదివింది నాలుగో తరగతి, అదీ ఉర్దూలో. తెలుగు అక్షరాలు పెళ్లయ్యాక నేర్చుకున్నాను. అయినా నా చేతి కుట్టు నిలకడైనదని పంచాయతీ సమితి ఆఫీసులో పేరుండేది. నా పైన గ్రామసేవిక, ఆమె పైన ముఖ్యసేవిక. ముఖ్యసేవిక నెలకొకసారి వచ్చి, కుట్టినవన్నీ బల్ల మీద పరిపించి, వరుసలు టేపుతో కొలిచి రిజిస్టరులో రాసిపోయేది.

శిక్షణ ఆరు నెలలు. ఐదు నెలలు మిషను మీద లంగాలు, జాకెట్లు, పిల్లల గౌన్లు. ఆఖరి నెల పాత బట్టలతో చేతి బొంత. దేనికైనా నా పద్ధతి ఒక్కటే. కుట్టు వంకర పోతే మొత్తం విప్పించేదాన్ని. విప్పిన దారం పారేయనిచ్చేదాన్ని కాదు, మళ్లీ ఉండకు చుట్టాల్సిందే. నన్ను చూస్తే ఆడవాళ్లు మాటలు ఆపేసేవారు. అది క్రమశిక్షణ అనుకున్నాను.

ఆ జట్టులో పన్నెండు మంది. సగం ఊళ్లో పొలం పనులకు పోయేవాళ్లు. సగం దగ్గరలోని పెద్ద ప్రభుత్వ కర్మాగారంలో పని దొరికి కోస్తా నుంచి వచ్చినవాళ్ల భార్యలు, ఊళ్లో కిరాయికి ఉండేవారు. వాళ్లలో సుబ్బలక్ష్మిది తణుకు వైపు. మిషను పని చక్కగా నేర్చుకుంది. బొంత మొదలుపెట్టే నాటికి ఆమెకు ఏడో నెల. తల్లి పోయి ఏడాది కాలేదు, పుట్టింట్లో చూసుకునే మనిషి లేదు, పురుడు ఇక్కడే. తల్లివి రెండు నేత చీరలు తెచ్చింది. పుట్టబోయే బిడ్డకు వాటితో బొంత కుట్టాలని ఆమె కోరిక. తల్లి బట్టల్లో మిగిలినవి అవే. పాడైతే ఇంకొకటి లేదని మొదటి రోజే నాతో చెప్పింది. నేను విని, పక్కామె బట్ట చూడటానికి పోయాను.

ఆ రోజే మొదటి వరుస వేసింది. కుట్టు పక్కకు పోయింది. అలవాటు ప్రకారం విప్పమన్నాను. విప్పింది, మళ్లీ వేసింది, మళ్లీ విప్పమన్నాను. మూడోసారి విప్పుతుండగా చీర అంగుళం మేర చిరిగింది. సుబ్బలక్ష్మి చీర మడిచి సంచిలో పెట్టుకుని వెళ్లిపోయింది.

తర్వాత ఎనిమిది రోజులు ఆమె సూది పట్టలేదు. రోజూ వచ్చేది. చీరలు ఉతికి, గంజి పెట్టి, ఇస్త్రీ చేసి తెచ్చేది. నేల మీద పరిచి, మడత ఉన్నచోట అరచేత్తో రుద్ది, మళ్లీ మడిచేది. గంజి పెడితే బట్ట బిగుసుకుంటుంది, పొరల్లోకి సూది దిగదు. ఆ సంగతి ఆమెకు తెలియదు. బట్ట నున్నగా ఉంటే కుట్టు తిన్నగా వస్తుందనుకుంది. నాకేమో అది పని ఎగ్గొట్టే ఉపాయంలా కనిపించింది.

తొమ్మిదో రోజు ఉండబట్టలేక, "ఏందమ్మా, ఇస్త్రీ దుకాణం పెడ్తవా?" అన్నాను.

"రేపు మొదలెడతానండీ టీచరుగారూ. ఇంకొక్క మడత పోవాలండీ."

పక్కన పోచవ్వ కూర్చుని ఉంది. పొలం పని మనిషి, నాకంటే పదేళ్లు పెద్దది, మిషను నేర్చుకోవాలని చేరింది. ఆమె చీర అంచు వేలితో తట్టి చూసి, "ఓ బిడ్డా, బొంతకు గంజి పెట్టుడు నా పుట్టుకల సూడలే. పిల్లగాన్ని పండవెడ్తవా, పటం కట్టి గోడకేస్తవా?" అంది.

అందరూ నవ్వారు. సుబ్బలక్ష్మి తల వంచుకుంది. చీర మీద చుక్కలు పడటం చూసి పోచవ్వ నవ్వు ఆపింది. ఆ పిల్ల చెయ్యి పట్టుకుని నా వైపు తిరిగింది.

"సేతులు సూడు టీచరమ్మా, ఎంత సల్లగైనయో. గీ పిల్లకు పని రాక గాదు. నువ్వు ఇప్పుమంటవని బుగులు. ఇంకోపారి ఇప్పితె ఆళ్లమ్మ చీర ఉంటదా?"

జట్టు ముందర నాకు చెప్పడం నచ్చలేదు. రిజిస్టరు తీసుకుని ఇంటికి పోయాను. కానీ ఆ మాట వదల్లేదు. సాయంత్రం నా పాత చీర ముక్క తీసి, ఒక వరుస కుట్టి విప్పాను. మళ్లీ కుట్టి విప్పాను. మూడోసారికి పోగులు జారి బట్ట విడిపోయింది. నా చేత్తోనే, ఏ భయమూ లేని చేత్తో. కొత్త బట్టకు పెట్టుకున్న నియమాన్ని ఉతికి ఉతికి పలచబడిన బట్టకు వాడాను. తప్పు ఆ పిల్లది కాదు.

మర్నాడు ముందు గంజి వదిలేదాకా చీరలు నీళ్లలో జాడింపించాను. ఆరాక నాలుగు పొరలుగా మడిచి పరిపించి, నాలుగు మూలలా రాళ్లు పెట్టించాను. చిరుగు మీద ధోవతి ముక్క అతుకు వేయమన్నాను. తర్వాత సూదిలో ఎర్ర దారం ఎక్కించి ఆమె చేతికిచ్చాను.

"ఇది కచ్చా కుట్టు. పొరలు జరగకుండ పట్టేటందుకే. పక్కా కుట్టు పడ్డంక గుంజి తీసేస్తం. ఎట్లొస్తె అట్ల ఎయ్యి."

"వంకర పోతేనండీ?"

"పోనీ. వంకర పోతదనే గదా దాన్ని కచ్చా అన్నరు."

"తర్వాత మీరు విప్పమంటే?"

"అనను."

"అంటె నాకు చెప్పు బిడ్డా," అని పోచవ్వ అందుకుంది, "టీచరమ్మతోని గోడకుర్చీ ఏయిస్త."

సుబ్బలక్ష్మి నవ్వింది. నాకూ నవ్వొచ్చింది, ఆపుకున్నాను. ఆమె సూది దించింది. మొదటి ఎర్ర వరుస ఇటూ అటూ తూలుతూ పోయింది. చివరి అంచు చేరేసరికి చేయి కుదిరింది. నాలుగు కచ్చా వరుసలయ్యాక నేను చెప్పకుండానే తెల్లదారం ఎక్కించుకుని పక్కా కుట్టు మొదలుపెట్టింది. మూడో వరుసలో అతుకు దగ్గర సూది పక్కకు జరిగింది. చటుక్కున తలెత్తి నన్ను చూసింది. "ముందుకు పో" అన్నాను. పోయింది. పన్నెండు రోజుల్లో బొంత పూర్తయింది.

ముఖ్యసేవిక వచ్చింది. టేపు పెట్టి కొలిచి, మూడో వరుస అరంగుళం తప్పిందని, ఎందుకు విప్పించలేదని అడిగింది. నేను ఇంట్లో చిరిగిన నా చీర ముక్క ఆమె ముందు పెట్టి జరిగింది చెప్పాను, నా నియమంతో సహా. ఆమె ఆ ముక్కను వెలుతురుకు పట్టి చూసింది. రిజిస్టరులో "మూడో వరుస వంకర, ఉత్తీర్ణత" అని రాసింది. కింద "పాత బట్టకు విప్పించరాదు" అని నా చేతే రాయించి సంతకం పెట్టించింది. నా తెలుగు రాత బాగుండదు, అయినా పెట్టాను.

జనవరిలో సుబ్బలక్ష్మికి ఆడపిల్ల పుట్టింది. చూడటానికి పోయినప్పుడు పిల్ల ఆ బొంత మీదే ఉంది. పిల్ల తడిపేసిందని సుబ్బలక్ష్మి నా ముందే బొంత తీసి, ఉతికి, పిండి, తీగ మీద వేసింది. పిండేటప్పుడు ఆమె చేతులు ఎక్కడా ఆగలేదు.

ఆ తర్వాత చాలా ఏళ్లు ఈ పని చేశాను. కోపం తగ్గలేదు, దారం పారేయనివ్వనూ లేదు. మార్చుకున్నది రెండు విషయాలు. ఒకటి, బొంత మొదలుపెట్టిన రోజు ఎవరికీ పక్కా కుట్టు ఇవ్వలేదు. రెండోది, కుర్చీలో కూర్చుని చూసే మనిషికి భయమూ బద్ధకమూ ఒకేలా కనిపిస్తాయి, రెంటిలోనూ పని ఆగి ఉంటుంది. అందుకే, ఏదన్నది తెలుసుకోవడానికి లేచి పోయి పక్కన కూర్చునేదాన్ని. తిట్టడమైనా ఆ తర్వాతే.