ఎడమచేతి తుర్పాయి

నా ఎడమచెయ్యి మీద ఒట్టు, ఇప్పుడు చెప్పబోయేదాంట్లో ఒక్క ముక్క కూడా అబద్ధం లేదు. కోతలరాయుడని మా ఇంటావిడే నాకు బిరుదిచ్చింది గనక ముందే ఒట్టేసుకుని మొదలుపెడుతున్నాను.

మొన్న మా అమ్మాయి లంగా అంచు ఊడితే సూది తీసుకుని కూర్చున్నాను. "బాపూ, తినుడు కుడిచేత్తోని, రాసుడు కుడిచేత్తోని, కుట్టేటప్పుడు గా ఎడమచెయ్యేంది?" అని అడిగింది.

కారణం మా మేనత్త. ఆమెది ఎడమచేతి వాటం. కరీంనగర్‌లో షేర్వానీలు కుట్టే ఒక మాస్టర్‌కు చేతిపనంతా ఆమే చేసేది. మిషన్ పని ముగిశాక బట్టలు అత్త ఇంటికి వచ్చేవి. అంచు మడిచి ఆమె తుర్పాయి చేస్తే పైనుంచి ఒక్క కుట్టు కనబడేది కాదు, బట్టే సిగ్గుపడి లోపలికి ముడుచుకుందా అనిపించేది. ఒక పెళ్లికొడుకైతే కుట్టు కనబడటం లేదు, అసలు కుట్టనే లేదని దుకాణం ముందు లొల్లి పెట్టాడు.

నేను మెట్రిక్ రెండోసారి తప్పి, ఇరవై ఏళ్లవాణ్ని బాపు ముందు తిరగలేక అత్త ఇంట్లో చేరాను. ఆ ఏడే ఆమె కళ్లకు మసక కమ్మింది. నల్లబట్ట మీద నల్లదారం ఎంత చూసినా ఆనదు. మాస్టర్‌కు తెలిస్తే పని ఇంకో ఇంటికి పోతుంది. మామ పోయినప్పటి నుంచి ఆమె పొయ్యి వెలిగేది ఆ పనితోనే.

"అల్లుడా, నా చెయ్యి నీకిస్త, పట్టుకో" అంది.

"గదెంత పని అత్తా! కుడిచేత్తోని ఇంకా జల్ది కుడత."

"కుడిచెయ్యా? లోపలంగ సూస్తే నా కుట్లు గిటు వాలుతయి, నీయి గటు వాలుతయి. మాస్టర్ సాబ్ తిరగేసి పట్టేస్తడు. ఎడమచేత్తోని నేర్చుకో, లేకుంటే మల్లవోయి పరీక్ష రాయి."

పరీక్ష మాట వినగానే నా ఎడమచేతికి ఎక్కడలేని తెలివి వచ్చింది. దారానికి మైనం రాసి, పైబట్టలో ఒక్కటంటే ఒక్క పోగునే సూదిమొనతో ఎత్తాలి. రెండెత్తితే పైన చుక్క పడుతుంది. మాది నేత ఇల్లు, పోగులు నాకు చుట్టాలే. అయినా మొదటి వారం బట్టను కుట్టిందానికన్నా నన్ను పొడుచుకున్నదే ఎక్కువ. ఒకరోజు ఎంతో ముచ్చటగా కుట్టి లేచి నిలబడితే షేర్వానీ కూడా నాతోపాటే లేచింది. ఒళ్లో పెట్టుకుని నా లుంగీకి కలిపి కుట్టేశాను.

"మంచిగైంది, పెళ్లికొడుకు ఎంబడి నువ్వు సుత పో!" అని అత్త కడుపు పట్టుకుని నవ్వింది.

మూడు నెలల్లో ఆమె చెయ్యి నాకు వచ్చేసింది. మాస్టర్ రెండు షేర్వానీలు తిరగేసి తల ఊపి పట్టుకుపోయాడు. మూడోది పెద్దపల్లి పెళ్లివారిది. ఆ రోజు వేళ్లు తిమ్మిరెక్కి, ఒక చేతి అంచు మాత్రం కుడిచేత్తో కానిచ్చేశాను.

మాస్టర్ చాయ్ తాగుతూ షేర్వానీ ఒక చెయ్యి తిరగేశాడు. రెండోది తిరగేశాడు. కప్పు కింద పెట్టాడు.

"క్యా బహెన్, గీ చెయ్యి నీది. గా చెయ్యి ఎవరిది?"

అత్త ముఖం పాలిపోయింది. ఇన్ని అబద్ధాలాడే నాకు ఆ క్షణాన ఒక్కటీ దొరకలేదు.

"రెండూ నావే సాబ్" అన్నాను.

ఆయన అత్త వైపు తిరిగాడు. "ఎన్నాళ్లసంది కనబడ్తలేదు?"

"దసరా సంది."

"నాకు బక్రీద్ సంది" అని నిట్టూర్చాడు మాస్టర్. "గిది నేను సూసి పట్టిననుకున్నవా? బొటనవేలితోని తడిమి పట్టిన. దుకాణంల తెలిస్తే పరేషాన్ అయితదని ఎవ్వరికి చెప్పలే." ఇద్దరిలో మొదట ఎవరు నవ్వారో గాని చాయ్ ఒలికింది. "రేపటిసంది నువ్వు దుకాణంల కూసో బహెన్. పోరడు కుడ్తడు, మనిద్దరం తడుముదం."

అత్త ఇంకో తొమ్మిదేళ్లు ఆ దుకాణంలో కూర్చుని, బొటనవేలితో నా తప్పులు పట్టింది.

ఇప్పుడు ఒట్టు తీసి గట్టున పెడుతున్నాను. ఆ రోజు నా వేళ్లు తిమ్మిరెక్కలేదు. నా పనంతా అత్త పేరనే పోతుంటే ఓర్వలేక, ఒక చేతి మేరకైనా నాదిగా ఉండనీ అని కావాలనే కుడిచేత్తో కుట్టాను. ఆమె కూటికి ఎసరు పెడుతున్నానన్న ఆలోచనే రాలేదు. ఇరవై ఏళ్లప్పుడు మన కుట్టు పదిమందికీ కనబడకపోతే ఊపిరాడదు. కనబడకపోవడమే పనితనమని తెలిసేసరికి, ఇదుగో, మన కళ్లకూ మసక మొదలవుతుంది.