తవ్వకుండా వదిలిన దిమ్మె

మొన్న మంగళవారం పొద్దున, పాలు పొంగే వేళకి, ఎదురింటి మేస్త్రి బావ పోయాడని వాళ్లమ్మాయి వచ్చి చెప్పింది. "పోతా పోతా 'వస్తన్నా ఉండవే' అన్నాడు మామయ్యా" అంది. ఎవరితో అన్నాడో నేను అడగలేదు, తను చెప్పలేదు.

బావంటే చుట్టం కాదు, వరస. వెల్దుర్తి వైపు మెట్టపొలాల్లో కుంటలు తవ్వే ముఠాకి ఆయన మేస్త్రి. కుంట తవ్వేటప్పుడు నడిమధ్యన ఒక మట్టి దిమ్మెని ముట్టుకోకుండా వదులుతారు. దాని నెత్తిన పాత నేల, ఆ నేల మీది గడ్డితో సహా అట్లాగే ఉంటుంది. ఎంత లోతు తవ్వారో దాన్ని బట్టే కొలత. కొలతలయ్యాక దాన్నీ కొట్టేస్తారు. ఆ రోజు మాత్రం బావ పనిలోకి వచ్చేవాడు కాదు. "నేల ఇంతకు ముందు ఎక్కడుండేదో చెప్పేది అదొక్కటే గదా" అనేవాడు. ఇంకో మాట కూడా అనేవాడు: "తవ్వటం ఎవడికైనా వస్తది బావా. ఆపటమే పని."

నేను బడికి పోయింది ఐదు దాకానే. మిగతా చదువంతా పొట్లాల కాగితాలు చెప్పినవే. ఒకసారి మెదడు గురించిన వ్యాసం సగం మిరపకాయ బజ్జీలతో వచ్చింది. రెండో సగం ఎవరి బజ్జీలతో పోయిందోనని ఇప్పటికీ నాకు బెంగ. మెదడుకి నొప్పి తెలియదని ఆ మొదటి సగంలో ఉంది. బావకి తలలో గడ్డ అని తేలిన రోజున ధైర్యానికి ఆ ముక్కే చెప్పా.

"నీకెట్టా తెలుసు?"

"బజ్జీలు చెప్పినయి."

"ఇంకేం, గట్టి డాక్టరే" అన్నాడు.

గుంటూరులో అసలు డాక్టరు కూడా అదే చెప్పాడంట. మెలకువగా ఉంచి, మాట్లాడిస్తూనే ఆపరేషన్ చేస్తానన్నాడు. కోసే ముందు చోటు చోటునా సన్నగా కరెంటు తాకించి చూస్తాడు. మాట తడబడితే అక్కడ కొయ్యడు. "నువ్వు వద్దన్న చోట ఆగుతా పెద్దాయనా" అని మాట కూడా ఇచ్చాడు.

"మన పనోడే" అని బావ మురిసిపోయాడు.

తర్వాతి సంగతి తలకి కట్టుతో అరుగు మీద కూర్చుని బావే చెప్పాడు. "వారాల పేర్లు చెప్పమన్నారు. బుధవారం దాకా వచ్చానా, మీ అక్క పిలిచింది."

అక్క, అంటే బావ పెళ్లాం, పోయి పదహారేళ్లు. ఆమె గొంతు ఏ ఫోన్లోనూ లేదు. "మొహం గుర్తుంది గానీ గొంతు పోయింది బావా" అని ఆయన చానాసార్లు బాధపడ్డాడు. ఆ గొంతే దొడ్లోంచి, "ఏమయ్యా, అన్నం చల్లారతంది" అందంట. డాక్టరు మళ్లీ తాకిస్తే మళ్లీ అదే మాట. పాత జ్ఞాపకం కరెంటుకి లేచిందన్నాడు ఆయన. గడ్డ అక్కడికీ పాకింది, వదిలితే మళ్లీ పెరిగి ప్రాణం మీదికి వస్తదని కూడా చెప్పాడు.

"పెరగనీయండి సార్. అది దిమ్మె. కొట్టబాకండి" అన్నాడు బావ.

మాటిచ్చిన మనిషి ఆగాడు.

ఇంటికొచ్చాక సంగతి తెలిసి, "మేం మాట్లాడేది చాలదా నాన్నా నీకు?" అని కూతురు అరిచింది.

"మీ మాట రోజూ వింటన్నా గదమ్మా."

నెల రోజులు ఆ పిల్ల ఆయనతో మాట్లాడలేదు. నేనూ ఆ పిల్ల పక్షమే. ఆ మాట బావ మొహానే అన్నా. ఆయన కోప్పడలేదు. అక్క ఎట్లా పిలిచిందో అచ్చం అట్లాగే అని వినిపించాడు. నేనూ మరిచిపోయిన గొంతు అది. ఆయన నాకిచ్చి పోయిన ఆస్తి అదే.

గడ్డ పెరిగింది. ఇక కరెంటు లేకుండానే పిలుపు వచ్చేది. ముద్ద నోటి దగ్గర ఆగిపోయేది, తల పక్కకి వాల్చి వినేవాడు. మొదట దొడ్లోంచి. ఎండాకాలానికి వంటింట్లోంచి. వానలు పడ్డాక గడప దగ్గర్నుంచి. "దగ్గరికొస్తంది" అన్నాడు, కుంట లోతు చెప్పినంత మామూలుగా.

పోయే ముందు వారం వెళ్లి పక్కన కూర్చున్నా. చెయ్యెత్తి నన్ను ఆగమన్నాడు. విన్నాడు. నవ్వాడు.

"ఇయ్యాల మాట మార్చింది."

"ఏమందేంది?"

"తమ్ముడికి ఆ చేతికర్ర ఎందుకయ్యా, అంటంది."

మోకాలు అరిగి నేను కర్ర పట్టింది మూడేళ్ల కిందట. అక్క ఎరగదు. జబ్బు చేసిన మెదడు పాత గొంతుకి కొత్త మాటలు కుడుతుందని డాక్టరు ఆ పిల్లకి చెప్పాడంట. అయ్యుండొచ్చు. నేను చదివింది సగం కాగితమే, వాదించను.

అన్నీ అయ్యాక, ఆయన ఆఖర్న తవ్వించిన కుంట చూడబోయా. దిమ్మె ఎవరూ కొట్టలేదు. చుట్టూ ఎర్రటి వాననీళ్లు, నడిమధ్యన మనిషెత్తున అది. గాలి లేదు. నెత్తిన గడ్డి మాత్రం అణిగి ఉంది, ఎవరో ఇప్పుడే కూర్చుని లేచినట్టు.

ఎందుకో, చేతికర్రని వీపు వెనక దాచుకున్నా.